పచ్చరాళ్ళ మంచమూ మా వదిన బొటనవేలూ

మర్దన ఒంటికి మంచిదేనా అని ఎవరైనా అడిగితే మంచిదేనంటాను. అయితే ఈ మాట అనేముందు దాని మీద నేను పదిమందిలో రెండుసార్లు అబద్ధం చెప్పాను. ఒకసారి తిడుతూ, ఒకసారి పొగుడుతూ. ఆ రెండూ విన్నాక నా మాట నమ్మాలో లేదో మీరే చూసుకోండి. నాకు సంతకం వరకే వచ్చు, అదీ పొదుపు గ్రూపు కోసం నేర్చుకున్నది. అందుకని నోటితో చెప్పి రాయిస్తున్నాను.

పోయిన ఏడు వినాయక చవితి వెళ్ళాక నా కుడి భుజం పట్టేసింది. దెబ్బ తగల్లేదు, పడలేదు. మొదట వీపు గోక్కోవడానికి చెయ్యి వెనక్కి పోలేదు. సరే, గోడకు రుద్దుకున్నాను. తరవాత దండెం మీద చీర వెయ్యలేకపోయాను. నెల తిరిగేసరికి చెయ్యి రొమ్ము దాటి పైకి రానంది. జాకెట్టు తొడుక్కోవాలన్నా తల దువ్వుకోవాలన్నా కోడలు రావాలి. కోడలు మా తమ్ముడి కూతురే, మంచి పిల్లే. కానీ ఎన్నేళ్ళ కోపాలున్నాయో ఏమో, అన్నీ దువ్వెనతో చెప్పేది. ఒక్కో చిక్కు ఒక్కో సంగతి.

నాకు యాభై ఆరు. మాఘమాసంలో మిరప కోతలు మొదలవుతాయి. మా ముఠా ఆడవాళ్ళం ట్రాక్టరు ట్రక్కులో పోతాం. ట్రక్కు ఎక్కాలంటే కుడి చేత్తో పై కమ్మీ పట్టుకుని ఒళ్ళు లాక్కోవాలి. అది చేతకాకపోతే ఇంట్లో ఉండాలి. కోతకు పోకపోతే పూట గడవదని కాదు. కొడుకు చిలకలూరిపేట మిల్లులో పనిచేస్తున్నాడు, తిండికి లోటు లేదు. కానీ మా ఊళ్ళో కోతలకు పోవడం మానేసిన ఆడది ఆ రోజు నుంచి ముసలిది. పప్పులో రాళ్ళు ఏరే పని ఇస్తారు. పప్పులో రాళ్ళు లేకపోయినా ఇస్తారు. ఈ కోతలకు చెయ్యి లేవకపోతే నా బతుకు చాటలోకి పోతుందని నాకు అర్థమైంది.

మా ఊళ్ళో చేతులంటే మా వదినవే. మా ఆయనకు అక్క, మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉంటుంది. బాలింతకు నీళ్ళు పోయాలన్నా, పసిబిడ్డను చాపిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాయాలన్నా, పట్టేసిన నడుము వదిలించాలన్నా ఆమే. ఊరంతా పోతారు. నేనొక్కదాన్నే పోలేను. నాలుగేళ్ళుగా మాకు మాటల్లేవు.

కారణం నేనే. మా ఆయనకు పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు మంచాన ఉన్నాడు. ఆ ఎనిమిది నెలలూ వదిన ప్రతి పొద్దునా నూనె గిన్నెతో వచ్చేది. తమ్ముడి కాలూ చెయ్యీ రుద్దేది, పక్కకు తిప్పి వీపు తుడిచేది, వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి తెరిచేది. నేను తుండు పట్టుకుని నిలబడేదాన్ని. ఆయన పోయాడు. పెద్దకర్మ నాడు షామియానా కింద బంతి సాగుతుంటే బంధువుల్లో ఒకావిడ, "ఇంత చేసినా ఎట్టా పోయాడమ్మా?" అంది. నేను వెంటనే, "నరాలు చితికేదాకా రుద్దితే మనిషి ఉంటాడా?" అన్నాను.

ఎందుకన్నానో అడగొద్దు. మొగుడు పోయినదానికి ఎవరినో ఒకరిని కొట్టాలనిపిస్తుంది. దేవుడు అందడు, అందినవాళ్ళకు తగిలింది. వదిన చేతిలో సాంబారు గరిటె ఉంది. అది గిన్నెలో పెట్టి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. ఆ మాట బంతిలో ఉన్నవాళ్ళంతా పప్పన్నంతో పాటు ఇళ్ళకు పట్టుకెళ్ళారు. ఏడాది పాటు బాలింతల ఇళ్ళవాళ్ళు ఆమెను పిలవలేదు. అదే నా మొదటి అబద్ధం.

అందుకని భుజం తీసుకుని ఎటెటో తిరిగాను. ఊళ్ళో ఆర్‌ఎంపీ రెండు సూదులు వేశాడు. సూది వేసిన చోటు నొప్పి పుట్టి రెండు రోజులు భుజం నొప్పి మరిపించింది, అంతవరకు మేలే. తరవాత నరసరావుపేటలో ఒక మేడ మీద ఉచిత మర్దన సెంటరు పెట్టారని విన్నాను. కరెంటు మంచం. దానిలో పచ్చరాళ్ళు ఉంటాయి. మనం వెల్లకిలా పడుకుంటే అవి వేడెక్కి వీపు కింద దొర్లుతూ పోతాయి, వస్తాయి. రోజూ నలభై నిమిషాలు. మంచం ఊరికే, నమ్మకం మాత్రం మనం తెచ్చుకోవాలి.

మంచం ఎక్కే ముందు గంటసేపు కుర్చీల్లో కూర్చోబెట్టేవాళ్ళు. ఒక మేడమ్ ఉండేది, మా కోడలి వయసు. మైకు పట్టుకుని, "అమ్మలూ, నాన్నలూ, ఈ రోజు ఎలా ఉన్నారు?" అనేది.

అందరం, "సూపర్!" అని మూడు చప్పట్లు కొట్టాలి.

"వినపడలేదు!"

"సూపర్!"

మోకాళ్ళు వంగనివాళ్ళు, మెడకు పట్టీ కట్టుకున్నవాళ్ళు, కర్ర లేకుండా మరుగుదొడ్డికి పోలేనివాళ్ళు, అందరమూ సూపర్. గొంతు కలపనివాళ్ళ టోకెను చివరికి పోయేది. అందుకని నేను అందరికంటే గట్టిగా సూపర్ అనేదాన్ని.

ఆ తరవాత సాక్ష్యాలు. ఒక్కొక్కరు లేచి ఏ జబ్బు తగ్గిందో చెప్పాలి. ఒకావిడ తనకు గ్యాసు మొత్తం పోయిందని చెప్పింది. పక్కన కూర్చున్న ఆమె మొగుడు తుండుగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఒక పెద్దాయన నలభై రోజుల్లో చూపు కుర్రతనం నాటిలా అయిపోయిందన్నాడు. కిందికి దిగి నా చెప్పులు వేసుకుని పోబోయాడు.

"పెద్దయ్యా, అయ్యి ఆడోళ్ళ చెప్పులు!" అని అరిచాను.

"ఓహో, అట్టనా. రంగు కలిసింది లేమ్మా," అన్నాడు. వాటికి రంగే లేదు.

వేడికి నడుము హాయిగా ఉన్న మాట నిజం. కునుకు పట్టేది. అబద్ధం చెప్పను, చెప్పినవి చాలు. కానీ ఆ రాళ్ళు వెన్ను వెంట పోయి వెన్ను వెంటే తిరిగి వచ్చేవి. భుజం దారికి ఒక్క రాయీ వచ్చింది లేదు. రైలు పట్టాల మీద పోతుంటే పొలంలో నిలబడి చూసినట్టు ఉండేది నా భుజం పరిస్థితి.

ఇరవయ్యో రోజు మేడమ్ నా దగ్గరకొచ్చింది. "అమ్మా, ఈ రోజు మీరు మాట్లాడాలి. వచ్చిన రోజు చెయ్యి లేపలేకపోయారు, గుర్తుందా? ఇప్పుడెలా ఉందో అందరికీ చూపించండి!" అని మైకు తెచ్చి నా చేతిలో పెట్టింది. కుడి చేతిలో. రొమ్ము దాకా చెయ్యి వస్తుంది కదా, పట్టుకున్నాను. ఖాళీగా ఉన్నది ఎడమ చెయ్యి.

అరవైమంది నా వైపు చూస్తున్నారు. "తగ్గిందమ్మా," అన్నాను. "చానా తగ్గింది."

"లేపండమ్మా, లేపండి!"

లేపాను. ఎడమ చెయ్యి, ఏ జబ్బూ లేనిది, మామిడికాయ కోసేంత ఎత్తు లేపాను. హాలు దద్దరిల్లింది. పుట్టి బుద్ధెరిగాక నాకెవరూ చప్పట్లు కొట్టలేదు. పెళ్ళిలో కూడా నా కోసం కాదు, మేళగాళ్ళ కోసమే కొట్టారు. ఆ చప్పట్లకు ఒళ్ళు తెలియక చెయ్యి ఇంకో రెండుసార్లు లేపి దించాను. ఇది నా రెండో అబద్ధం. దీన్ని ఫోనులో తీశారు.

నేను ఆటో దిగి ఇంటికొచ్చేలోపే ఆ వీడియో మా ఊరు చేరిపోయింది. కోడలు గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏందత్తా, చెయ్యి లేసిందంటగా! ఇంట్లో చెప్పకుండా మైకులో చెప్తావా?"

"ఏదో లేమ్మా..."

"ఏదో ఏంది, చూశాంగా. ఇంక నీ జడ నువ్వే ఏసుకో. నా పని నాకుంది."

మర్నాడు జాకెట్టు సగం తొడుక్కుని, రెండో చెయ్యి ఎక్కించలేక గదిలో చెమటలు కక్కాను. చివరికి పైట కప్పుకుని జాకెట్టు వేసుకున్నట్టే తిరిగాను. జుట్టు ముడి ఎడమ చేత్తో వేస్తే అది ఎడమ చెవి మీద కూర్చుంది. అదే వారం నా మాట నమ్మి మా వీధి నుంచి ఆరుగురు ఆడవాళ్ళు ఆటో మాట్లాడుకుని పచ్చరాళ్ళ మంచానికి పోవడం మొదలుపెట్టారు. ముఠా మేస్త్రమ్మ వాకిట్లోకి వచ్చి మరీ, "కోతలకు నీ పేరు ముందు రాశానే. చెయ్యి లేచినోళ్ళు కావాల నాకు," అని చెప్పిపోయింది. తగ్గలేదని ఇప్పుడు చెబితే అబద్ధాలకోరును. చెప్పకపోతే మాఘమాసంలో ట్రక్కు దగ్గర అందరి ముందు కమ్మీకి వేలాడలేక దొరికిపోతాను.

ఇక ఒక్క గుమ్మమే మిగిలింది. మధ్యాహ్నం వీధిలో ఎవరూ లేనప్పుడు పోయాను. వదిన వసారాలో కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది.

"వదినా," అన్నాను.

"ఎవరూ?" అంది. నాలుగేళ్ళు మాటల్లేకపోయినా కళ్ళు బాగానే కనపడతాయి ఆమెకు.

"నేనే."

"ఏందంట?"

"భుజం పట్టేసింది."

"ఫోన్లో చూశాను. ఎడం చెయ్యి దూలానికి తగిలేట్టు లేపావుగా. మరి ఇక్కడికి మోసుకొచ్చిందేమో కుడిది."

ఊరంతా చూసిన వీడియోలో ఏ చెయ్యి లేచిందో చూసింది ఆమె ఒక్కతే. ఆమె లేచి వచ్చి, చెయ్యి కడిగి తుడుచుకుని, నా భుజం మీద అరచెయ్యి వేసింది. మా ఆయన పోయాక నా ఒంటి మీద పని లేకుండా ఎవరి చెయ్యీ పడలేదు. కోడలి దువ్వెన, ఆర్‌ఎంపీ సూది, అంతే. ఈమెది కూడా పనే అనుకోండి, అయినా ఆ అరచెయ్యి వేడి వేరు.

"ఎర్రబడలా, కాలడంలా," అని తనలో తాను అనుకుని, "సుగరుందా?" అని అడిగింది.

"లేదు."

"చూపించుకున్నావా, నువ్వే అనుకున్నావా?"

"నేనే అనుకున్నా."

"అయితే పో. పెద్దాసుపత్రికి పోయి ఎముక ఫోటో తీయించుకో, రక్తం చూపించుకో, అప్పుడు రా. లోపల ఎముక సంగతి నా వేళ్ళకు తెలవదు. తెలవకుండా రుద్దితే నరాలు చితికినియ్యంటారు మళ్ళా."

ఆ మాట సూది కంటే బాగా దిగింది. మర్నాడే ఆసుపత్రికి పోయాను. డాక్టరమ్మ ఫోటో చూసి ఎముక బాగుందంది. కీలు చుట్టూ ఉండే తిత్తి బిగుసుకుపోయిందట. సుగరు కూడా ఒంట్లోకి వచ్చే దారిలో ఉందట. అది ఉన్నవాళ్ళకే ఈ భుజం జబ్బు ఎక్కువట. కాపడం పెట్టి, చేతికి కసరత్తు చేయిస్తూ ఉండాలి, నెలలు పడుతుంది, నొప్పి అని కదపకుండా కూర్చుంటే ఇంకా బిగుస్తుందని చెప్పింది.

"మర్దన చేయించుకోవచ్చా అమ్మా?"

"చుట్టూ కండకు మెల్లగా చేయించుకోండి, కాస్త వదులవుతుంది, నొప్పి తగ్గి కసరత్తు చేయగలుగుతారు. చెయ్యి పట్టి ఒక్క గుంజు గుంజేవాళ్ళ దగ్గరికి మాత్రం పోవద్దు."

ఈ మాట మా వదినకు చెబితే, "ఆ మాత్రం నాకు తెలవదా?" అంది గానీ ముఖం కొంచెం తేటపడింది.

మొదలుపెట్టింది. నువ్వుల నూనెలో వెల్లుల్లి, వాము వేసి కాచేది. దించి, ముందు తన ముంజేతి మీద చుక్క వేసుకుని, అప్పుడు నాకు రాసేది. వెంటనే భుజం జోలికి పోదు. వేళ్ళ నుంచి మణికట్టు, మణికట్టు నుంచి మోచెయ్యి, అట్లా మెల్లగా పైకి. మెడ పక్కన ఎండు చింతకాయలా బిగిసిన కండను బొటనవేలితో పట్టి, వదిలి, పట్టి, వదిలి. అయ్యాక వేడి నీళ్ళ గుడ్డ. అది తీయగానే గోడ దగ్గర నిలబెట్టి, వేళ్ళతో గోడ మీదికి పాకించేది, ఎంత దాకా పోతే అంత. ఆగిన చోట బొగ్గుతో గీత.

ఆ నూనె మహత్యం అని నేననను. రోజూ ఒకే వేళకు ఒక చెయ్యి మన మీద పడుతుంటే ఒళ్ళు ఆ వేళకు తనంతట తాను వదులుతుంది. ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టేది. నిద్ర పడితే నొప్పి సగం. కోడలి మీద చిరాకు కూడా తగ్గింది, కాబట్టి ఇంటిల్లిపాదికీ ఆరోగ్యమే.

కష్టమల్లా ఒకటే. మా వదిన చేతుల కంటే నోరు పెద్దది. ఎవరికి మర్దన చేసినా ఊరి సంగతులు చెబుతూనే ఉంటుంది. ఏ ఇంట్లో ఏ కోడలు అలిగింది, ఎవరి గేదె ఎవరి చేలో పడింది. అవి వింటూ బాలింతలు నొప్పి మరిచిపోతారు. నా దగ్గర మాత్రం నోరు తెరవదు. "తిప్పు." "వదులు." "గోడ కాడికి పో." ఈ మూడే. అంతా ఫుల్ భోజనం తింటుంటే నాకొక్కదానికే ఆకులో అన్నం వేసి కూర మరిచిపోయినట్టు.

నెల గడిచాక ఒక రోజు ఉండబట్టలేక, "వదినా, ఆయన్ని గురించి ఆ రోజు నేనన్నది అబద్ధం. ఎనిమిది నెలలు మంచాన ఉన్నా వీపు మీద ఒక్క పుండు పడలా. నీ చేతుల వల్లే," అన్నాను.

మనసులో మాట చెప్పేశాను కదా, భుజం కూడా వదులవుతుందేమోనని ఆశపడ్డాను. ఏమీ కాలేదు. ముందెంత బిగుసుగా ఉందో అంతే బిగుసుగా ఉంది.

"నాకు తెలవందా?" అంది వదిన. "పుండు పడలేదని నాకెందుకు చెప్తన్నావు? వీపు తుడిచింది నేనేగా. బంతిలో అన్న మాట చెవిలో చెప్తే ఎట్టా సరిపోయిద్ది? తిప్పు."

తిప్పాను.

మాఘం వచ్చింది. బొగ్గు గీతలు నా తల దాటి జానెడు పైకి పోయాయి. ట్రక్కు దగ్గరకు పోయి కమ్మీ పట్టుకున్నాను. భుజంలో చురుక్కుమంది, కళ్ళు తిరిగాయి, ఎక్కేశాను. పైన కూర్చున్న ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. "పచ్చరాళ్ళ మంచం పవరే అది!" అంది ఆ ఆరుగురిలో ఒకావిడ.

ఈసారి చప్పట్లు నాకు రుచించలేదు. మధ్యాహ్నం చేలో గట్టు మీద సద్దులు విప్పుకున్నాం, ముఠాలో ఉన్న పద్దెనిమిదిమందిమి. ఘాటుకు ముక్కులు కారుతున్నాయి. అదే ఆవిడ మోకాలు పట్టుకుని, "నాకూ మూడు నెలలాయె, ఆ మంచం మీద పడుకుంటన్నా. నీకు తగ్గినట్టు నాకెందుకు తగ్గలేదే?" అంది.

"నాకూ తగ్గలా," అన్నాను. "ఆ రోజు లేపింది మంచి చెయ్యి. కుడిది లేచింది మా వదిన చేతుల్తో. మూడు నెలలు పట్టింది."

అందరి చేతుల్లో ముద్దలు ఆగిపోయాయి.

"ఇంకోటి కూడా వినండి. మా ఆయన పెద్దకర్మ నాడు వదిన రుద్ది చంపిందన్నట్టు చెప్పాను. అదీ అబద్ధమే. ఆయన్ని లేపి నడిపించడం మర్దన వల్ల కాలేదు. కానీ పోయేదాకా ఒళ్ళు చెడకుండా పోయాడు. రోజూ ఆమె వచ్చి రుద్ది పోయాక రెండు గంటలు నిద్రపోయేవాడు. మిగతా రోజంతా నిద్రే లేదు ఆయనకు."

మేస్త్రమ్మ, "అంటే నీ నోట్లో నుంచి ఇప్పటిదాకా నిజమే రాలేదా ఏందే?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వితే భుజం నొప్పి పుట్టింది. మోకాలావిడ మాత్రం నవ్వకుండా, "మీ వదిన పొద్దునా, సాయంత్రమా, ఇంటికాడ ఉండేది?" అని అడిగింది.

పది రోజులు ఊపిరాడలేదు నాకు, కోతల పనిలో. పదకొండో రోజు ట్రక్కు రాలేదని వదిన ఇంటికి పోయాను. వసారాలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. మోకాళ్ళు, నడుములు, మెడలు, ఒకావిడ మడమ. పచ్చరాళ్ళ మంచం దగ్గర కూడా ఇంత వరస చూడలేదు. అందరినీ పంపేసరికి పొద్దు వాలింది. వదిన స్తంభానికి ఆనుకుని కూలబడింది.

"వచ్చావా! నీ నోరు పాడుగాను! నాలుగేళ్ళ కింద నీ నోటితో ఒక్క మనిషి రాకుండా చేశావు, ఇప్పుడేమో నీ నోటితోనే ఊరు ఊరంతా తోలావు. నడిమధ్యన ఎక్కడా ఆగదా అది?" అంది. ఇంకా ఆపలేదు. "ఎడ్లపాడు నుంచి ఒకతి వచ్చిందే, నడుము నొప్పంట. నడుము కాదు, అత్త. అత్త ఊరికి పోయిన రోజు నొప్పే లేదంట. దానికి నేనేం రాయను, అత్తకు రాయాల నూనె..."

నాలుగేళ్ళ సంగతులు వరస తప్పకుండా వస్తున్నాయి. వింటూ ఆమె చెయ్యి వైపు చూశాను. కుడి బొటనవేలు మొదట్లో వాచి ఉంది. చెబుతూ చెబుతూ ఎడమ చేత్తో దాన్నే నొక్కుకుంటోంది.

నూనె గిన్నె దగ్గరికి లాక్కుని, వేడి నా ముంజేతి మీద చూసుకుని, ఆమె చెయ్యి నా ఒళ్ళో పెట్టుకున్నాను. వేలి మొదలు వదిలేసి చుట్టూ రాయడం మొదలుపెట్టాను. ఇంతకాలం ఊళ్ళో వాళ్ళందరి ఒళ్ళూ పట్టిన చెయ్యి అది. దాన్ని ఎవరైనా పట్టారో లేదో నాకు తెలియదు. నేనైతే పట్టలేదు.

"అట్టా కాదే," అంది వదిన. "మజ్జిగ చిలుకుతన్నావా? మణికట్టు నుంచి రా. మెల్లగా. ఆఁ... ఇంతకీ ఆ ఎడ్లపాడుదాని అత్త ఏమందో తెలుసా?"